మెస్ మోడల్‌ని క్లౌడ్ ఎక్కిద్దాం: 4వ పాఠం

పోయిన పాఠం అయ్యేసరికి మన దగ్గర ఒక జాబ్‌లిబ్ ఫైలు, అంటే ట్రెయిన్ చేసిన మోడల్‌ని దాచిన ఫైలు, తయారైంది. లాప్‌టాప్‌లో బాగానే పనిచేస్తోంది గానీ లాప్‌టాప్ మూస్తే మోడలూ మూతపడుతుంది. ఈసారి దాన్ని అమెజాన్ క్లౌడ్ (ఏడబ్ల్యూఎస్)లో మోడళ్లని నడిపే సర్వీసు సేజ్‌మేకర్‌లో (ఇప్పుడు దాని పేరు సేజ్‌మేకర్ ఏఐ) ఎండ్‌పాయింట్‌గా, అంటే రిక్వెస్టు పంపితే జవాబిచ్చే చిరునామాగా, నిలబెడదాం. అనుమతి ఉన్నవాళ్లు ఎక్కడినుంచి నాలుగు అంకెలు పంపినా జవాబు రావాలి, అంతే మన పని.

మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం కథ మళ్లీ క్లుప్తంగా: బెంగళూరు మారతహళ్ళిలో పీజీల మధ్య ఒక ఆంధ్రా మెస్ ఉందనుకున్నాం. రేపు మధ్యాహ్నం ఎన్ని భోజనాలు పోతాయో ఈ రాత్రే తెలిస్తే బియ్యం ఎంత నానబెట్టాలో, పప్పు ఎంత వెయ్యాలో తేలుతుంది. మోడల్ చూసేవి నాలుగు: వారం, సెలవు, వాన, ముందురోజు పోయిన భోజనాల లెక్క. శుక్రవారం రాత్రి బ్రిడ్జి దగ్గర ఊరి బస్సుల కోసం బ్యాగులు పట్టుకుని నిలబడే జనాన్ని చూసినవాళ్లెవరికైనా శనివారం లెక్క ఎందుకు పడిపోతుందో చెప్పక్కర్లేదు, సంక్రాంతికి ఉగాదికి అయితే ఇక అడగనే వద్దు.

నిజం చెప్పాలంటే ఈ మెస్‌కి రోజంతా మేలుకుని ఉండే ఎండ్‌పాయింట్ దండగ. రాత్రికి ఒక్క అంకె చాలు, దానికి ఒక చిన్న స్క్రిప్టు సరిపోతుంది. కానీ నేర్చుకోవడానికి చిన్న మోడలే మంచిది, ఎక్కడ ఇరుక్కున్నామో వెంటనే కనబడుతుంది. రేపు ఆఫీసులో పెద్ద మోడల్ చేతికొచ్చినా మెట్లు ఇవే.

బ్రౌజర్‌లో బటన్లు నొక్కే దారి కూడా ఉంది, మనం అటు పోం. బటన్లు నొక్కి చేసిన పని నెల తర్వాత మళ్లీ చెయ్యమంటే ఏది ఎప్పుడు నొక్కామో ఎవరికీ గుర్తుండదు. మన పనంతా పైథాన్‌లో, ఏడబ్ల్యూఎస్‌ని పిలిచే బోటో3 లైబ్రరీతో. ఒక మాట గుర్తుపెట్టుకోండి: బోటో3లో ఫంక్షన్ల పేర్లన్నీ చిన్న అక్షరాల్లో, మాటల మధ్య అండర్‌స్కోర్‌తో ఉంటాయి. లోపల ఇచ్చే ఆర్గ్యుమెంట్లు మాత్రం ప్రతి మాటా పెద్ద అక్షరంతో మొదలై, మధ్యలో ఖాళీ గానీ అండర్‌స్కోర్ గానీ లేకుండా కలిసిపోతాయి. ఈ రెండూ కలగాపులగం అయ్యి వచ్చే ఎర్రర్లు మొదటివారంలో బోలెడు.

ముందు డిలీట్ రాయండి

అవును, కట్టకముందే కూల్చే కోడ్. డిలీట్ ఎండ్‌పాయింట్, డిలీట్ ఎండ్‌పాయింట్ కాన్ఫిగ్, డిలీట్ మోడల్, ఈ మూడు పిలుపుల్నీ (ఆ మూడు వస్తువులేంటో కింద వస్తుంది) ఇదే వరసలో ఒక ఫైల్లో రాసి పెట్టుకోండి. ఒక్కోదానికి విడిగా ట్రై, ఎక్సెప్ట్ పెట్టండి, లేని వస్తువుని తీసెయ్యమంటే అది ఎర్రర్ ఇచ్చి అక్కడే ఆగిపోతుంది, మిగతా రెండూ అలాగే ఉండిపోతాయి.

ఎందుకింత పట్టుదల అంటే, మామూలు ఎండ్‌పాయింట్‌కి బిల్లు పడేది అది నడిచిన సమయానికి. ఒక్క రిక్వెస్టు రాకపోయినా, మీరు పడుకున్నా, వీకెండ్‌కి ఊరెళ్లినా మీటరు తిరుగుతూనే ఉంటుంది. రేటు పట్టికలో గంట ధర చూసి ఇంతేనా అనుకోకండి, 30 రోజులంటే 720 గంటలు, దాంతో గుణించి చూడండి. బడ్జెట్ అలర్ట్ పెట్టుకోవడం మంచిదే కానీ దాని పని మెయిల్ పంపడం వరకే, ఎండ్‌పాయింట్‌ని ఆపదు, పైగా బిల్లు లెక్కలు కొన్ని గంటలు ఆలస్యంగా వస్తాయి. డబ్బు పడేది ఎండ్‌పాయింట్‌కే. కాన్ఫిగ్, మోడల్ ఉట్టి పేర్లే కాబట్టి వాటికి పైసా పడదు, ఎస్3లో (ఏడబ్ల్యూఎస్‌లో ఫైళ్లు దాచుకునే చోటు) ఉన్న ఫైలుకి ఏదో కాస్త.

మూడు వస్తువులు

చాలామంది ఎండ్‌పాయింట్ అంటే ఒకటే అనుకుంటారు. సేజ్‌మేకర్‌లో అవి మూడు. మోడల్ అంటే ఏ కంటైనర్ ఇమేజ్ (మోడల్ నడవడానికి కావలసిన సాఫ్ట్‌వేరంతా ఉన్న పెట్టె), ఎస్3లో ఏ ఫైలు, ఏ రోల్ (సేజ్‌మేకర్ వాడుకునే అనుమతుల కట్ట) అని చెప్పే చీటీ. ఎండ్‌పాయింట్ కాన్ఫిగ్ అంటే ఆ మోడల్‌ని ఏ సైజు మెషీన్ మీద, ఎన్ని మెషీన్ల మీద నడపాలో చెప్పేది. మూడోది ఎండ్‌పాయింట్, ఇది వచ్చాకే మెషీన్ నిజంగా లేస్తుంది, మీటరు తిరగడం మొదలవుతుంది. ఇలా విడగొట్టడం మొదట్లో విసుగ్గా ఉంటుంది. కొత్త మోడల్ పెట్టాల్సిన రోజున దీని సుఖం తెలుస్తుంది, ఆ సంగతి కిందకి వచ్చాక.

మూట కట్టడం

సేజ్‌మేకర్‌కి మోడల్ ఒక టార్ జీజెడ్ మూటగా కావాలి. మూట పైవరసలో మోడల్ ఫైలు, పక్కన కోడ్ అనే ఫోల్డర్, అందులో ఇన్ఫరెన్స్ డాట్ పీవై. ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటే: ఫోల్డర్ బయట నిలబడి ఫోల్డర్ మొత్తాన్ని మూట కడతారు, దాంతో అన్నీ ఒక అంతస్తు కిందికి దిగిపోతాయి. కంటైనర్ ఆ మూటని స్లాష్ ఆప్ట్, స్లాష్ ఎంఎల్, స్లాష్ మోడల్ అనే చోట విప్పుతుంది, అక్కడ వెతికితే ఫైలు దొరకదు. ఫోల్డర్ లోపలికి వెళ్లి మూట కట్టండి, ఎస్3కి పంపేముందు టార్‌కి మైనస్ టీజెడ్ఎఫ్ ఇచ్చి లిస్టు కళ్లతో చూడండి. మోడల్ ఫైలు పేరుకి ముందు వేరే ఫోల్డర్ పేరు కనబడిందా, మళ్లీ కట్టండి.

వెర్షన్ సంగతి కూడా ఇక్కడే. మనం వాడే రెడీమేడ్ సైకిట్‌లెర్న్ (మోడల్ ట్రెయిన్ చేసే పైథాన్ లైబ్రరీ) కంటైనర్ వెర్షన్ 1.2-1, లోపల ఉన్నది సైకిట్‌లెర్న్ 1.2.1. లాప్‌టాప్‌లో ఇంకో వెర్షన్‌తో ట్రెయిన్ చేసిన జాబ్‌లిబ్ ఫైలు అక్కడ తెరుచుకోకపోవచ్చు. తెరుచుకుని తప్పు లెక్క చెబితే ఇంకా ప్రమాదం. విడిగా వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టి 1.2.1 వేసుకుని మళ్లీ ట్రెయిన్ చెయ్యండి, మన డేటాకి ఎంతసేపు పడుతుంది గనక. అన్నట్టు, ఎవరో పంపిన జాబ్‌లిబ్ ఫైల్ని నమ్మి లోడ్ చెయ్యకండి, తెరిచేటప్పుడు అందులో దాచిన కోడ్ కూడా నడిచిపోగలదు.

ఇన్ఫరెన్స్ ఫైల్లో ఏముండాలి

నాలుగు ఫంక్షన్లు. మోడల్ ఎఫ్ఎన్ కంటైనర్ లేచేటప్పుడు మోడల్‌ని లోడ్ చేస్తుంది, ప్రతి రిక్వెస్టుకీ కాదు. ఇన్‌పుట్ ఎఫ్ఎన్ వచ్చిన బాడీని విప్పుతుంది. ప్రెడిక్ట్ ఎఫ్ఎన్ లెక్క కడుతుంది. అవుట్‌పుట్ ఎఫ్ఎన్ జవాబుని మూట కట్టి పంపుతుంది.

ఇన్‌పుట్ ఎఫ్ఎన్ దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే వెర్షన్ తేడాలాగే ఎర్రర్ రాకుండా తప్పు జరిగే చోటు ఇది. మన నాలుగు అంకెల్లో సెలవు, వాన రెండూ సున్నా లేదా ఒకటి. పంపేవాళ్లు వరస మార్చి ముందు వాన, తర్వాత సెలవు పెట్టారనుకోండి. ఎక్కడా ఎర్రర్ రాదు, ఎండ్‌పాయింట్ చక్కగా ఒక అంకె ఇస్తుంది. కానీ జోరువాన పడే మామూలు బుధవారాన్ని మోడల్ సెలవురోజు అనుకుని తక్కువ చెబుతుంది, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకే సాంబారు అయిపోయి మెస్‌లో గొడవ. అందుకే ఉట్టి అంకెల వరస తీసుకోకండి. జేసన్‌లో పేర్లతో సహా తీసుకుని, పాండాస్ డేటాఫ్రేమ్ చేసి, ట్రెయినింగ్‌లో ఉన్న వరసలోకి మీరే సర్దండి. ఏ పేరైనా లేకపోతే అక్కడే ఎర్రర్ ఇచ్చి పంపెయ్యండి, సున్నా అనుకుని ముందుకు పోవద్దు.

అవుట్‌పుట్ ఎఫ్ఎన్‌లో ఒక్క జాగ్రత్త: ప్రెడిక్ట్ ఇచ్చేది నంపై అర్రే, జేసన్ దాన్ని ఒప్పుకోదు. టులిస్ట్ పిలిచి మామూలు లిస్టుగా మార్చాకే జేసన్ డంప్స్‌కి ఇవ్వండి.

ఈ నాలుగింటినీ క్లౌడ్‌కి పంపేముందు లాప్‌టాప్‌లోనే ఒకదాని తర్వాత ఒకటి పిలిచి చూడండి. ఇక్కడ రెండు సెకన్లలో దొరికే తప్పు అక్కడ దొరకాలంటే ప్రతిసారీ నిమిషాల తరబడి కాచుకోవాలి.

రోల్, రీజియన్

ఇక్కడ రెండు వేర్వేరు అనుమతులున్నాయి. ఒకటి మీది, కోడ్ నడిపే యూజర్‌ది. ఇంకోటి రోల్‌ది, అంటే మీ తరఫున ఎస్3లోంచి మూట తెచ్చుకునే సేజ్‌మేకర్‌ది. యూజర్‌కి అన్ని అనుమతులూ ఇచ్చేసి, రోల్‌కి ఎస్3 చదివే అనుమతి మర్చిపోయి తల పట్టుకునేవాళ్లు ఎక్కువ. రోల్ ట్రస్ట్ పాలసీలో (ఆ రోల్‌ని ఎవరు వాడొచ్చో చెప్పేది) సేజ్‌మేకర్ సర్వీస్ పేరు ఉండాలి, యూజర్‌కి పాస్‌రోల్ అనుమతి (రోల్‌ని సేజ్‌మేకర్‌కి అప్పగించే అనుమతి) ఉండాలి. యాక్సెస్ డినైడ్ అని వస్తే ఆ మెసేజ్ మొత్తం చదవండి, ఎవరికి ఏ అనుమతి లేదో అందులోనే రాసి ఉంటుంది.

రీజియన్ (ఏడబ్ల్యూఎస్ డేటా సెంటర్లున్న ప్రాంతం) విషయానికొస్తే మనకి దేశంలో రెండున్నాయి, 2016లో వచ్చిన ముంబై, 2022లో వచ్చిన హైదరాబాద్. మనవాళ్ల ఊరని హైదరాబాద్ మీద అభిమానం ఉండొచ్చు గానీ ఈ పాఠాలకి ముంబైలోనే ఉందాం. బకెట్ (ఎస్3లో మన ఫైళ్లుండే డబ్బా), ఎండ్‌పాయింట్ రెండూ ఒకే రీజియన్‌లో ఉండాలి, కంటైనర్ ఇమేజ్ అడ్రస్ కూడా రీజియన్‌ని బట్టి మారుతుంది. క్లయింట్ (బోటో3లో సర్వీసుని పిలిచే ఆబ్జెక్టు) తయారు చేసేటప్పుడే రీజియన్ పేరు రాసెయ్యండి, డిఫాల్ట్‌కి వదలకండి. ఒక రీజియన్‌లో వదిలేసిన ఎండ్‌పాయింట్ ఇంకో రీజియన్ లిస్టులో కనబడదు, బిల్లులో మాత్రం కనబడుతుంది.

లేపడం

ఇక మిగిలింది సులువే. ముందు క్రియేట్ మోడల్: ఇమేజ్, ఎస్3లో మూట ఎక్కడుందో, రోల్, ఇంకా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో మన ఇన్ఫరెన్స్ ఫైలు పేరు, కోడ్ ఉన్న చోటు. తర్వాత క్రియేట్ ఎండ్‌పాయింట్ కాన్ఫిగ్: మెషీన్ ఎంఎల్ డాట్ టీ2 డాట్ మీడియం, ఒక్కటి చాలు. ఆఖర్న క్రియేట్ ఎండ్‌పాయింట్. పేర్లలో అండర్‌స్కోర్ పనికిరాదు, హైఫన్ వాడండి. మోడల్‌కీ కాన్ఫిగ్‌కీ పేరు చివర తేదీ, టైము తగిలించండి, ఎండ్‌పాయింట్ పేరు మాత్రం మార్చకుండా ఒకటే ఉంచండి. కొత్త అకౌంట్లలో కొన్ని మెషీన్లకి కోటా సున్నా ఉంటుంది, రిసోర్స్ లిమిట్ ఎక్సీడెడ్ అని వస్తే కోడ్‌ని తిట్టకుండా సర్వీస్ కోటాస్‌లో రిక్వెస్టు పెట్టండి.

స్టేటస్ క్రియేటింగ్ అని చూపిస్తుంది. నిమిషానికోసారి చూస్తూ టెన్షన్ పడక్కర్లేదు, బోటో3లో దీనికి వెయిటర్ ఉంది, ఎండ్‌పాయింట్ ఇన్ సర్వీస్ అని దాని పేరు. అది కాచుకుంటుంది, మీరు కింద టీకొట్టు దాకా వెళ్లి రండి.

తిరిగొచ్చేసరికి ఫెయిల్డ్ అని ఉంటే డిస్క్రైబ్ ఎండ్‌పాయింట్ పిలిచి ఫెయిల్యూర్ రీజన్ చదవండి. చాలాసార్లు పింగ్ హెల్త్ చెక్ పాస్ కాలేదు అని ఉంటుంది. సేజ్‌మేకర్ కంటైనర్‌ని లేపి 8080 పోర్టులో పింగ్ అనే చిరునామాకి రిక్వెస్టు పంపుతుంది, సరైన జవాబు వచ్చేదాకా ట్రాఫిక్ పంపదు. అంటే ఆ మెసేజ్‌లో అసలు కారణం లేదు, లోపల ఏదో కూలింది అని మాత్రమే. కారణం క్లౌడ్‌వాచ్ (ఏడబ్ల్యూఎస్‌లో లాగ్స్ దాచే సర్వీసు) లాగ్స్‌లో, ఎండ్‌పాయింట్ పేరుతో ఉన్న గ్రూపులో ఉంటుంది. లాగ్‌ని పైనుంచి చదవండి, మొట్టమొదటి ట్రేస్‌బ్యాకే అసలుది, కింద ఉన్నవన్నీ అదే మళ్లీ మళ్లీ లేచి పడిన చప్పుడు. ఇంపోర్ట్ ఎర్రర్, ఫైలు దొరకలేదు, వెర్షన్ తేడా, మన సైజు మోడల్‌కి దాదాపు ఈ మూడింట్లో ఒకటే ఉంటుంది.

పిలవడం

పిలిచే క్లయింట్ వేరు, పేరు సేజ్‌మేకర్ రన్‌టైమ్. ఇన్వోక్ ఎండ్‌పాయింట్‌కి ఎండ్‌పాయింట్ పేరు, కంటెంట్ టైప్, బాడీ ఇస్తే చాలు. తిరిగొచ్చిన బాడీ నేరుగా టెక్స్ట్ కాదు, స్ట్రీమ్, రీడ్ పిలిచి డీకోడ్ చెయ్యాలి. ఒకసారి రీడ్ చేశాక మళ్లీ చదివితే ఖాళీగా వస్తుంది, వేరియబుల్‌లో పెట్టుకోండి. వారం శనివారం, సెలవు సున్నా, వాన సున్నా, ముందురోజు 180 అని పంపి చూడండి, తర్వాత సెలవు ఒక్కటి మార్చి పంపండి. అంకె కదలకపోతే మోడల్‌కి ఆ కాలమ్ సరిగ్గా అందడం లేదని అర్థం.

ఈ పిలుపులకి ఏడబ్ల్యూఎస్ సంతకం కావాలి, కాబట్టి మెస్ నడిపే అక్కకి ఫోన్‌లోంచి నేరుగా పిలవడం కుదరదు. మధ్యలో లాంబ్డా (చిన్న కోడ్ నడిపే సర్వీసు), ఏపీఐ గేట్‌వే (బయటి రిక్వెస్టులు అందుకునే సర్వీసు) పెట్టే పద్ధతి ఉంది, అది 6వ పాఠంలో.

కొత్త మోడల్ వచ్చాక

ఎండ్‌పాయింట్‌ని కూల్చి మళ్లీ కట్టొద్దు. కొత్త మోడల్, కొత్త కాన్ఫిగ్ చేసి, అప్‌డేట్ ఎండ్‌పాయింట్‌కి ఆ కాన్ఫిగ్ పేరు ఇవ్వండి. కొత్త మెషీన్ లేచి హెల్త్ చెక్ పాస్ అయ్యేదాకా పాతదే జవాబులు ఇస్తుంటుంది, పిలిచేవాళ్లకి ఏమీ తెలీదు. కొత్తది లేవకపోతే పాతదే కొనసాగుతుంది. ఇందాక మూడుగా విడగొట్టారేంటి అని విసుక్కున్నది దీనికోసమే. పాత కాన్ఫిగ్‌ని అప్‌డేట్ పూర్తయ్యేదాకా తీసెయ్యకండి. అనుమానంగా ఉంటే ఒకే కాన్ఫిగ్‌లో రెండు వేరియంట్లు, అంటే పాత మోడల్, కొత్త మోడల్ రెండూ పెట్టి బరువులు వరసగా 9, 1 ఇవ్వొచ్చు, అప్పుడు పదింట ఒక వంతు రిక్వెస్టులు కొత్త మోడల్‌కి వెళ్తాయి.

సర్వర్‌లెస్

మన మెస్‌కి అసలు సరిపోయేది ఇదే. కాన్ఫిగ్‌లో మెషీన్ పేరు, సంఖ్య తీసేసి, వాటి చోట సర్వర్‌లెస్ కాన్ఫిగ్ పెట్టి మెమరీ 1024 నుంచి 6144 ఎంబీ మధ్య చెబితే అయిపోయింది. మనకి 1024తో మొదలుపెట్టొచ్చు. రిక్వెస్టు వచ్చినప్పుడే లేస్తుంది, ఊరికే ఉన్న సమయానికి బిల్లు పడదు. చాలాసేపు పిలవకుండా ఉంటే మొదటి జవాబు మాత్రం ఆలస్యం. రాత్రి పదింటికి రేపటి లెక్క అడిగే మనిషికి ఆ కాసేపటి ఆలస్యం ఒక లెక్కా. అదే పేమెంట్ యాప్‌లో మోసం పట్టే మోడల్ అయితే ఇది పనికిరాదు, మెషీన్ మేలుకునే ఉండాలి.

ఇంటిపని

మామూలు ఎండ్‌పాయింట్ ఒకసారి లేపండి, పిలవండి, డిలీట్ ఫైలు నడపండి, లిస్ట్ ఎండ్‌పాయింట్స్ పిలిచి ఖాళీ వచ్చిందో లేదో చూడండి. తర్వాత అదే మోడల్‌ని సర్వర్‌లెస్‌గా పెట్టి, మొదటి పిలుపుకీ వెంటనే చేసిన రెండో పిలుపుకీ పట్టిన టైము రాసిపెట్టుకోండి. వచ్చే పాఠంలో లాగ్స్, అలారాలు చూస్తాం, ఆ రెండు అంకెలతోనే మొదలుపెడతాం.