కైమీరా చిట్టెలుక పేగులో స్టెయిన్ లెక్క తేలడం లేదా? ఇక్కడ వెతకండి

ఒకే సెటప్ గురించి రాస్తున్నాను. బీ6, ఎస్‌డబ్ల్యూఆర్ అనే రెండు ఎలుక జాతుల ఎనిమిది కణాల దశ పిండాలను అతికించి పుట్టించిన కైమీరాలు (రెండు రకాల కణాలూ కలిసి ఉన్న ఎలుకలు), వాటి చిన్న పేగు, దాని మీద డీబీఏ లెక్టిన్ (కణాల మీది ఒక చక్కెరకి అతుక్కునే ప్రొటీన్). బీ6 పేగు ఎపిథీలియం (పేగు లోపలి పూత కణాలు) ఈ లెక్టిన్‌ని పట్టుకుని స్లైడ్ మీద గోధుమ రంగులో కనిపిస్తుంది, ఎస్‌డబ్ల్యూఆర్‌ది పట్టుకోదు. ఎస్‌డబ్ల్యూఆర్‌లో మాత్రం రక్తనాళాల లోపలి పొరకి రంగు వస్తుంది. ఈ తేడా అంతా డీఎల్‌బీ-1 అనే ఒక్క జన్యుస్థానం వల్లే. ఈ లెక్టిన్‌తోనే 1985లో పాండర్ బృందం, ఎదిగిన ఎలుకలో ఒక్కో క్రిప్ట్ (పేగు గోడలోని చిన్న గుంట, కొత్త ఎపిథీలియం కణాలు పుట్టే చోటు) ఒక్కో కణం సంతతి అని చూపించింది. మీ స్లైడ్ వేరే కథ చెబుతుంటే కంగారు పడకండి, చాలాసార్లు కారణం చిన్నదే ఉంటుంది.

సమస్య: ఎపిథీలియంలో ఎక్కడా రంగు లేదు

ముందు రక్తనాళాలు చూడండి. వాటికి రంగు వచ్చి ఎపిథీలియం తెల్లగా ఉంటే లెక్టిన్ బాగానే పనిచేసింది, ఆ ముక్కలో బీ6 ఎపిథీలియం లేదంతే. రెండూ తెల్లగా ఉంటే అనుమానం లెక్టిన్ మీదకో, ఫిక్సేషన్ (కణజాలాన్ని రసాయనంతో చెడకుండా నిలపడం) మీదకో పోవాలి. ప్రతి బ్యాచ్‌లో మామూలు బీ6 ముక్క ఒకటి, మామూలు ఎస్‌డబ్ల్యూఆర్ ముక్క ఒకటి పక్కన పెట్టుకుంటే ఈ టెన్షనే ఉండదు. ఒక జాగ్రత్త: నాళాల వంశం వేరు, ఎపిథీలియం వంశం వేరు, కాబట్టి నాళం రంగును బట్టి పైనున్న క్రిప్ట్ ఎవరిదో చెప్పకూడదు.

దీనికి ఎదురు సమస్య, అంతా గోధుమ రంగే. ఎక్కువగా మ్యూకస్ సరిగ్గా కడగకపోవడమో, కణజాలంలో సహజంగా ఉండే, తనంతట తానే గోధుమ రంగు తెప్పించే పెరాక్సిడేజ్ ఎంజైమ్‌ని ఆపకపోవడమో కారణం. మ్యూకస్‌కి, దాన్ని వదులు చేసే డీటీటీ అనే రసాయనంతో వాష్ ఇవ్వండి. లెక్టిన్‌లో ముందే అది అతుక్కునే చక్కెర, ఎన్-అసిటైల్ గెలాక్టోసమీన్ కలిపి ఒక స్లైడ్ చేయండి. అప్పుడు కూడా రంగు మిగిలిందంటే అది లెక్టిన్ అసలు బంధం వల్ల వచ్చింది కాదు.

సమస్య: బొచ్చు నలుపు తెలుపు చారలు, పేగు మాత్రం ఒకే రకం

ఇందులో తప్పేమీ లేదు. బొచ్చు రంగు మెలనోసైట్లనే రంగు కణాలది, అవి పిండంలోని న్యూరల్ క్రెస్ట్ అనే భాగం నుంచి వస్తాయి. పేగు ఎపిథీలియం పిండం లోపలి పొర అయిన ఎండోడెర్మ్ నుంచి వస్తుంది. చారలు చూసి ఎలుకను ఎంచుకోవడం మొదటి వడపోతకి పనికొస్తుంది, అంతకుమించి నమ్మొద్దు. ఎక్కువ ఎలుకలు పెట్టుకోవడం తప్ప దీనికి షార్ట్‌కట్ లేదు.

సమస్య: సగం గోధుమ, సగం తెలుపు క్రిప్టులు కనిపిస్తున్నాయి

అందరూ ఇక్కడే ఆగిపోతారు. మొదటి ప్రశ్న, ఎలుక వయసెంత? పుట్టిన కొత్తల్లో మిశ్రమ క్రిప్టులు నిజంగానే ఉంటాయి, సుమారు రెండు వారాలు వచ్చేసరికి అవి ఒకే రకానికి మారిపోతాయి. కాబట్టి పసి ఎలుకలో అవి కనిపిస్తే అది నిజమైన ఫలితమే.

పెద్ద ఎలుకలో కనిపిస్తే ముందు కోత చూడండి. ఏటవాలుగా కోసిన మందపాటి సెక్షన్‌లో పక్కపక్క క్రిప్టులు ఒకదాని మీద ఒకటి పడి ఒకే క్రిప్ట్‌లా కనిపిస్తాయి. పేగు ఉపరితలానికి సమాంతరంగా, క్రిప్టులు గుండ్రటి వలయాల్లా కనిపించేలా కోసి, అదే వలయాన్ని వరుస సెక్షన్లలో కిందిదాకా వెంబడించండి. గోధుమ వలయంలో ఒంటరి తెల్ల కణం కనిపిస్తే అది ఎపిథీలియంలో దూరిన లింఫోసైట్ కావచ్చు, దాని వంశం రక్తానిది. విల్లస్‌లో (పేగు లోపలికి వేలిలా పొడుచుకొచ్చిన భాగంలో) రెండు రంగులుంటే పట్టించుకోకండి. ఒక్కో విల్లస్‌కి చాలా క్రిప్టుల నుంచి కణాలు ఎక్కుతాయి కాబట్టి అక్కడ చారలు మామూలే.

సమస్య: మిశ్రమ క్రిప్టులు ఒక్కటీ లేవు, అయినా రివ్యూయర్ ఒప్పుకోవడం లేదు

మీరేం లెక్కపెట్టారో చూసుకోండి. పెద్ద గోధుమ ప్రాంతం మధ్యలో ఉన్న క్రిప్ట్ పది కణాల నుంచి పుట్టినా గోధుమగానే ఉంటుంది, ఎందుకంటే ఆ పదీ బీ6వే. అలాంటివి వెయ్యి లెక్కపెట్టినా ఏమీ రుజువు కాదు. గోధుమ, తెలుపు కలిసే హద్దు మీదున్న క్రిప్టులను విడిగా లెక్కపెట్టండి. మొత్తం పేగును పరిచి కండర పొర వైపు నుంచి చూస్తే ఆ హద్దు వంకరటింకరగా పోతుంది, గోధుమ వలయాన్ని ఆనుకునే తెల్ల వలయం ఉంటుంది, మధ్యలో సగం సగం వలయం ఉండదు. వాదనకి బలం అక్కడుంది, కాబట్టి పేపర్‌లో రాయాల్సింది హద్దు క్రిప్టుల సంఖ్య.

ఇలాంటి పొరపాటే ఇంకొకటి, ఒక రంగు మచ్చను ఒక క్లోన్ (ఒకే కణం సంతతి) అనుకోవడం. పక్కపక్కన పడ్డ ఒకే రకం క్లోన్లు కలిసిపోయి ఒకే మచ్చలా కనిపిస్తాయి. ఒక గీత వెంట లెక్కపెడుతున్నారనుకోండి, క్లోన్లు యాదృచ్ఛికంగా సర్దుకున్నాయనుకుంటే, ఆ రంగు వాటా 50 శాతం ఉన్నప్పుడు సగటు మచ్చలో 2 క్లోన్లు, 90 శాతం ఉన్నప్పుడు 10 ఉంటాయి. 10 శాతం ఉంటే దాదాపు 1.1 మాత్రమే. అందుకే తక్కువ వాటా ఉన్న రంగునే కొలవండి. సగటు మచ్చ పొడవును, 1 లోంచి ఆ రంగు వాటా తీసేయగా వచ్చిన సంఖ్యతో గుణిస్తే క్లోన్ పొడవు అంచనా వస్తుంది.

సమస్య: గోధుమ విల్లస్ మీద ఒకే ఒక్క సన్నటి తెల్ల రిబ్బన్

బీ6 వైపు శుద్ధ రకం వాడారా, లేక పిండాలు గట్టిగా ఉంటాయని బీ6, ఎస్‌డబ్ల్యూఆర్ ఎఫ్1 (ఆ రెండింటినీ జతకడితే వచ్చే మొదటి తరం సంకరం) వాడారా? ఎఫ్1లో రంగునిచ్చే డీఎల్‌బీ-1 కాపీ ఒక్కటే ఉంటుంది. ఒక మూలకణంలో అది మ్యుటేషన్‌తో పోతే చాలు, దాని సంతతి అంతా తెల్లగా వస్తుంది. ఇదే గుణాన్ని మ్యుటేషన్లు కొలిచే పరీక్షగా వాడుకున్నవాళ్లు కూడా ఉన్నారు. శుద్ధ బీ6కి మారితే రెండు కాపీలూ పోవాలి కాబట్టి ఇలాంటి రిబ్బన్లు దాదాపు కనిపించవు.

సమస్య: పీసీఆర్ (డీఎన్ఏ పరీక్ష) చెప్పిన బీ6 శాతం, స్లైడ్ శాతం కలవడం లేదు

ముక్క మొత్తం రుబ్బి డీఎన్ఏ తీస్తే రక్తం, కండరం, నాళాలు అన్నీ అందులో కలుస్తాయి. కణాల పట్టు వదిలించే ఈడీటీఏ అనే రసాయనంతో ఎపిథీలియంని విడదీసి మళ్లీ చేయండి. అప్పటికీ తేడా ఉంటే నేను స్లైడ్ లెక్కనే తీసుకుంటాను.