పొడుగు మాటలు, నాలుగో పాఠం: కోశారా, తీశారా, దారి పెట్టారా?

కిందటి పాఠం చివర, ‘ఐటిస్’తో (వాపు అని అర్థం) ముగిసే ఇంగ్లీషు వైద్యం మాటలు పోగేసి పంపమన్నాను. పంపారు, సంతోషం. కానీ చాలా జాబితాల్లో మొదటి మాట డయాబెటిస్. అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ (ఇన్సూరెన్స్ క్లెయిముల కోసం జబ్బులకూ చికిత్సలకూ కోడ్‌లు వేసే పని) నేర్చుకుంటున్నవాళ్లూ అదే రాశారు, అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదువుతున్నవాళ్లూ అదే రాశారు. ఒకరైతే పక్కనే అర్థం కూడా ఇచ్చారు: ‘షుగర్ వల్ల వచ్చే వాపు’.

కాబట్టి ఈసారి కొత్త పాఠం కాస్త ఆగాలి.

డయాబెటిస్ అని పలికితే చివర ‘టిస్’ వినిపిస్తుంది. తెలుగులో రాస్తే కనిపిస్తుంది కూడా. ఇంగ్లీషు స్పెల్లింగ్ రాసి చూడండి: చివర ఉన్నది ఇ-టి-ఇ-ఎస్. వాపు మాటల చివర ఉండాల్సింది ఐ-టి-ఐ-ఎస్. డయాబెటిస్ గ్రీకు మాట. లోంచి సాగిపోవడం అని దాని అర్థం. తాగిన నీళ్లు తాగినట్టే ఒంట్లోంచి పోతున్నాయని ఆ పేరు పెట్టారు. వాపు ఊసే లేదు.

టినిటస్, ప్రురైటస్ పంపినవాళ్లదీ ఇదే కథ. మొదటిది చెవిలో హోరు, రెండోది దురద. రెండింటి చివరా ఐ-టి-యు-ఎస్. ప్రురైటస్‌ను బాగా చదువుకున్నవాళ్లు కూడా ‘ఐటిస్’ చేసి రాస్తుంటారు, చూసి మోసపోకండి.

ఇంకో రకం జాబితాలు వచ్చాయి. వాటిలో సైనస్, అపెండిక్స్, థైరాయిడ్ ఉన్నాయి. ఎందుకొచ్చాయో నాకు తెలుసు. మన ఇళ్లలో ‘నాకు సైనస్ ఉంది’, ‘మా బాబుకు అపెండిక్స్ వచ్చింది’ అంటాం. సైనస్ లేనిదెవరికి? ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదులవి. అపెండిక్స్ కొత్తగా రాదు, పుట్టుకతోనే ఉంటుంది. అది వాస్తే అపెండిసైటిస్, సైనస్ వాస్తే సైనసైటిస్. నోటితో ఎలాగైనా అనండి, ఎవరూ పట్టించుకోరు. కాగితం మీద మాత్రం అవయవం వేరు, జబ్బు వేరు. కోడింగ్ వాళ్లు అవయవం పేరును జబ్బుగా రాస్తే క్లెయిమ్ వెనక్కొస్తుంది.

సరే, పాఠంలోకి. గాస్ట్రో, నెఫ్రో, హెపటో ఏమిటో మళ్లీ చెప్పను, రెండో పాఠం చూసుకోండి.

ఈసారి మాటలన్నీ ‘టమీ’తో ముగుస్తాయి. స్పెల్లింగ్ టి-ఓ-ఎం-వై. దీనికీ పొట్టకు పిల్లలు అనే టమీకీ సంబంధం లేదు. గ్రీకులో కోత అని అర్థం. అనాటమీలో ఉన్నదీ ఇదే, శరీరాన్ని కోసి చూసే చదువు కాబట్టి. ఆటమ్‌లో ఉన్నదీ ఇదే: ఇక కోయడానికి వీల్లేనిది. ఎకానమీ, ఆస్ట్రానమీ ఈ ఇంటివి కావు. వాటిలో ఓ-ఎం-వైకి ముందు టి లేదు, ఎన్ ఉంది.

నాకు చిరాకు తెప్పించే సంగతి ఇక్కడే మొదలవుతుంది. చివర ‘టమీ’ చూడగానే ‘ఆపరేషన్’ అని రాసేసి ముందుకు పోతారు. ఏం ఆపరేషన్? కోసి ఊరుకున్నారా? కోసి తీసేశారా? కోసి దారి పెట్టారా? మూడూ వేరువేరు. ఆ తేడా అంతా టికి ముందున్న అక్షరంలో ఉంటుంది.

టికి ముందు సి ఉంటే, అంటే ‘ఎక్టమీ’ అయితే, తీసేశారు. ‘ఎక్’ అంటే బయటికి. ఓ మాత్రమే ఉంటే, అంటే ‘ఆటమీ’ అయితే, కోసి తెరిచారు, అంతే. ఎస్ ఉంటే, అంటే ‘ఆస్టమీ’ అయితే, దారి పెట్టారు. గ్రీకులో ‘స్టోమా’ అంటే నోరు. ఈ మూడోది గుర్తుండకపోతే కృష్ణాష్టమిని తలుచుకోండి. యశోదకు నోరు తెరిచి చూపించింది ఆయనే కదా. ఆస్టమీ అంటే నోరు. ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు, నా సొంత దొంగదారి.

ఒకే అవయవం మీద మూడూ పెట్టి చూద్దాం. కొలెక్టమీ: పెద్దపేగును కొంతో మొత్తమో తీసేయడం. కొలాటమీ: పెద్దపేగును కోసి తెరవడం. కొలాస్టమీ: పెద్దపేగును పొట్ట మీదికి తెచ్చి అక్కడ దారి పెట్టడం. ఆ దారికి సంచి తగిలిస్తారు. ఒక్క అక్షరం తేడాతో మనిషికి సంచి వచ్చిపడింది. హైలైటర్‌తో పేజీలకు పేజీలు పసుపు పూస్తే ఈ తేడా పట్టుబడదు. నాకు హైలైటర్లంటే పడదు. పెన్సిల్‌తో టి ముందు ఒక గీత గీయండి, చాలు.

ట్రేకియాటమీ, ట్రేకియాస్టమీ దగ్గర జాగ్రత్త. మొదటిది శ్వాసనాళాన్ని కోయడం, రెండోది అక్కడ దారి పెట్టడం. ఐసీయూలో మెడకు గొట్టం పెట్టారంటే రెండోదే. డాక్టర్లు మాటల్లో ఒకదానికి బదులు ఇంకోటి వాడేస్తుంటారు.

ఇప్పుడు ఒక డిశ్చార్జి సమ్మరీలో తరచుగా కనిపించే వాక్యం: ‘ల్యాప్ కోలిసిస్టెక్టమీ డన్ అండర్ జీఏ’. వెనక నుంచి విప్పండి, నేనెప్పుడూ అలాగే విప్పుతాను. ఎక్టమీ, తీసేశారు. సిస్ట్, సంచి. కోలి, పైత్యరసం. పైత్యరసపు సంచిని, అంటే పిత్తాశయాన్ని తీసేశారు. ల్యాప్ అంటే ల్యాప్రోస్కోపీ, పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చూస్తూ చేయడం. స్పెల్లింగ్ సి-హెచ్‌తో మొదలవుతుంది కదా అని ‘ఛోలే’ అనకండి, అది భటూరేతో తినేది. కొలెస్టరాల్‌లో ఉన్నదీ ఈ కోలినే. అది మొదట దొరికింది పిత్తాశయపు రాళ్లలో.

జీఏ అంటే జనరల్ అనస్థీషియా. ‘అన్’ అంటే లేకుండా, మిగతాది స్పర్శ. మత్తు సంగతిలో మన ఊరికి పాత పేరుంది. క్లోరోఫామ్ ఎంత క్షేమమో తేల్చడానికి 1888లో ఒకసారి, 1889లో ఇంకోసారి హైదరాబాద్‌లో కమిషన్లు కూర్చున్నాయి. నిజాం ప్రభుత్వమే ఖర్చు పెట్టింది. డాక్టర్ ఎడ్వర్డ్ లారీ నడిపించాడు.

పేరుకూ పనికీ పొంతన లేని మాటలు కొన్ని ఉన్నాయి. ట్యూబెక్టమీ అంటారు గానీ ట్యూబును మొత్తం తీయరు. కట్టి చిన్న ముక్క కత్తిరిస్తారు, ల్యాప్రోస్కోపీలో అయితే రింగు వేస్తారు. నెఫ్రోలితోటమీలో ‘లితో’ అంటే రాయి. రాయి బయటికొచ్చినా పేరులో ఎక్టమీ లేదు, ఎందుకంటే కోసింది కిడ్నీని. ఇవి కంఠతా పట్టాల్సిందే, దొంగదారి లేదు.

ఆస్టమీకి ముందు రెండు అవయవాలు వస్తే ఆ రెండింటినీ కలుపుతూ దారి పెట్టారన్నమాట. గాస్ట్రోజెజునాస్టమీ: జీర్ణాశయానికీ చిన్నపేగు మధ్యభాగానికీ.

45 అక్షరాల ‘న్యుమోనోఅల్ట్రా...’ మాట ఎప్పుడు చెప్తారని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. చెప్పను. అది 1935లో అమెరికాలో ఒక పజిల్ సంఘం అధ్యక్షుడు పొడుగు కోసమే పుట్టించిన మాట. అది రాతి దుమ్ము పీల్చడం వల్ల ఊపిరితిత్తులకు వచ్చే జబ్బు పేరు. ఆ జబ్బుకు సిలికోసిస్ అన్న పొట్టి పేరుంది, అది నేర్చుకోండి.

అభ్యాసం. రెండే ఇస్తున్నాను, రెండూ గట్టివే. డాక్రియోసిస్టోరైనాస్టమీ: ‘డాక్రియో’ కన్నీరు, ‘రైనో’ ముక్కు, మిగతాది పైన ఉంది. ఏ సంచి నుంచి ఎక్కడికి దారి పెట్టారో ఒక వాక్యంలో రాయాలి. రెండోది ఈసోఫాగోగాస్ట్రోడ్యుయోడెనోస్కోపీ. దీనికి ఆధారం ఇవ్వను, చివరి ముక్కకు మైక్రోస్కోప్‌ను గుర్తు చేసుకోండి. ఇది మీ ఇంట్లో ఎవరో ఒకరు చేయించుకునే ఉంటారు, ఇంత పొడుగు పేరుతో మాత్రం కాదు. ఆ వాడుక పేరు కూడా రాయండి. రెండింటికీ ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో ముక్కకూ ముక్కకూ మధ్య గీత గీసి పంపాలి. గూగుల్ నుంచి అర్థం మాత్రం దించి పంపితే దిద్దను.