బకెట్టు నీళ్ళు, పాత బ్రష్షు

వేసవి సెలవులంతా మనవరాలు, మనవడు నా దగ్గరే. దానికి అయిదేళ్ళు, వాడికి మూడు. మొదటి ఏడాది సంచెడు బొమ్మలు కొన్నాను. మూడో రోజుకల్లా అన్నీ మంచం కిందకి చేరాయి. మరుసటి ఏటి నుంచి కొనడం మానేసి, పనులు అప్పజెప్పడం మొదలుపెట్టాను. "ఆడుకోండి" అంటే కదలని పిల్లలు "ఈ పని నువ్వే చెయ్యాలి" అంటే పరుగెత్తుకొస్తారు.

మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువగా నడిచింది గోడకి రంగెయ్యడం. రంగంటే ఏం లేదు, నీళ్ళే. ఇద్దరికీ చెరో పాత బ్రష్షు, చిన్న డబ్బాలో నీళ్ళు ఇచ్చి గోడ చూపించాను. తడిసినచోట గోడ ముదురు రంగుకి తిరుగుతుంది. వీళ్ళు ఈ చివరికి వచ్చేసరికి ఆ చివర ఆరిపోతుంది, మళ్ళీ మొదలు! "అమ్మమ్మా, రంగు ఎవరు పట్టుకెళ్ళారు?" అనడిగింది పిల్ల. ఎండ అన్నాను. ఆ పూటంతా ఎండతో మాట్లాడలేదు. పొద్దున్న ఎనిమిదిలోపు, లేదంటే సాయంత్రం అయిదు దాటాకే బయటికి పంపండి.

నీళ్ళ దగ్గర మాత్రం నేను రాక్షసినే. రెండంగుళాల నీళ్ళలో కూడా పసివాళ్ళు మునిగిపోగలరు, అదీ చప్పుడు లేకుండా. అందుకే ఫోను మోగినా లేవను. ఆట కాగానే మిగిలిన నీళ్ళు మొక్కలకి పోసి బకెట్టు బోర్లిస్తాం. బోర్లించే పని చిన్నాడిది.

మధ్యాహ్నం ఇంట్లోనే. రాత్రే ఒక గిన్నెలో సగం నీళ్ళు గడ్డకట్టించి, దాని మీద ప్లాస్టిక్ ఏనుగుని పెట్టి, మిగతా నీళ్ళు పోసి మళ్ళీ ఫ్రిజ్ పైఅరలో పెడతాను. ఒకేసారి పోస్తే ఏనుగు తేలిపోతుంది, నాకది రెండుసార్లయ్యాక తెలిసింది. మర్నాడు గడ్డని పళ్ళెంలో బోర్లించి, చెంచా, గోరువెచ్చటి నీళ్ళు, చిటికెడు ఉప్పు ఇచ్చి "ఏనుగుని విడిపించండి" అంటాను. గంటసేపు ఇల్లు నిశ్శబ్దం! ఉప్పు పడినచోట గుంటలు పడతాయి, ఎందుకంటే ఉప్పునీరు గడ్డకట్టాలంటే సున్నా డిగ్రీలకంటే ఇంకా చల్లబడాలి. అదే కారణంగా ఉప్పు చల్లిన మంచుని చేత్తో పట్టుకోనివ్వకండి, చర్మం దెబ్బతింటుంది. చెంచాతోనే చెయ్యాలి.

సబ్బు బుడగలతో మొదట్లో ఓడిపోయాను. మిట్టమధ్యాహ్నం ఊదితే పుట్టినవి పుట్టినట్టే పగిలేవి. పొడిగాలికి పైపొర ఆరిపోతుంది కదా. ఇప్పుడు ఆరు గ్లాసుల నీళ్ళకి ఒక గ్లాసు గిన్నెలు తోమే ద్రవం, ఒక చెంచా పంచదార కలిపి రాత్రంతా కదపకుండా ఉంచుతాను. తెల్లవారుజామున గాలిలో తేమ ఉండగానే ఊదుతాం. తీగని గుండ్రంగా వంచితే చాలు, కానీ కొనలు గుచ్చుకోకుండా లోపలికి మడవాలి.

ఓపికున్న పిల్లలకైతే గాజుగ్లాసులో తడిగుడ్డ కుక్కి, గుడ్డకీ గాజుకీ మధ్య ఒక చిక్కుడు గింజ పెట్టండి. గుడ్డ ఆరనివ్వకూడదు. కొన్ని రోజులకి వేరు దిగుతుంది. అప్పుడు గ్లాసుని పక్కకి పడుకోబెట్టండి. ఒకటి రెండు రోజుల్లో వేరు వంపు తిరిగి మళ్ళీ కిందకే పోతుంది. "దీనికి కింద ఎటో ఎలా తెలుసు?" అని మా పిల్ల వేసిన ప్రశ్న మంచిదే, భూమి లాగడం గురించి చెప్పాను. నమ్మలేదు. అయితే మూడేళ్ళలోపు పిల్లలకి గింజలు అందనివ్వకండి, ముక్కులోనో నోట్లోనో పెట్టేసుకుంటారు.

అట్టపెట్టెకి నేర్పాల్సిందేమీ లేదు. కత్తి పట్టే పని మీరు చేసి తప్పుకోండి. మా ఇంట్లో ప్రస్తుతం అది బస్సు. చిన్నాడు కండక్టరు, టికెట్టు లేదని నిన్నటి నుంచి నన్ను ఎక్కనివ్వట్లేదు.