తుపాను తీరం దాటింది కదా అని పడుకోకండి

"తుపాను తీరం దాటింది, బలహీనపడి వాయుగుండంగా మారింది" అని టీవీలో స్క్రోలింగ్ రాగానే కోస్తా వాళ్ల టెన్షన్ కాస్త తగ్గుతుంది. దేవరకొండ, అచ్చంపేట, సూర్యాపేట వైపు మనకు అసలు పని మొదలయ్యేది అప్పుడే. తుపానుకు బలం వెచ్చని సముద్రపు నీటి ఆవిరి. నేల మీదికి వచ్చాక ఆ మేత దొరకక గాలి నీరసిస్తుంది. కానీ మోసుకొచ్చిన నీళ్లు ఎక్కడికీ పోవు, దారిలో కుమ్మరిస్తుంది. ఆ దారిలో మనం ఉంటాం.

2020 అక్టోబర్ 13న కాకినాడ దగ్గర తీరం దాటింది తీవ్ర వాయుగుండమే, పేరు పెట్టేంత తుపాను కూడా కాదు. ఘట్‌కేసర్ దగ్గరి సింగపూర్ టౌన్‌షిప్‌లో 32 సెంటీమీటర్ల వాన పడింది, మూసీ పొంగింది. 2024 సెప్టెంబర్ 1న కోదాడ మునిగింది, నడిగూడెం దగ్గర సాగర్ ఎడమ కాల్వకు గండి పడింది. అదీ వాయుగుండమే. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటితే, మర్నాడు డిండి దగ్గర శ్రీశైలం రోడ్డు దెబ్బతిని రాకపోకలు ఆగాయి. కాబట్టి తుపాను పేరు ఎంత భయంకరంగా ఉందో కాదు, వాతావరణ శాఖ మన జిల్లాకు ఏ రంగు హెచ్చరిక ఇచ్చిందో చూడండి. ఆరెంజ్ అంటే సర్దుకొని సిద్ధంగా ఉండమని. రెడ్ అంటే ఇక ఆగకుండా చేయాల్సింది చేయమని. 24 గంటల్లో 20 సెంటీమీటర్లు దాటితే అత్యంత భారీ వాన అంటారు, అంత నీళ్లు ఏ ఊరి మోరీలూ మోయలేవు.

మన దగ్గర ప్రాణాలు తీసేవి ముఖ్యంగా మూడు: గోడ, వాగు, కరెంటు తీగ. గాలి వీటి తర్వాతే.

గోడ గురించి ఎవరూ ముందు ఆలోచించరు. పాలమూరు పల్లెల్లో ఇంకా మట్టి మిద్దెలు ఉన్నాయి, రాయికి మట్టి పెట్టి కట్టిన గోడలు ఉన్నాయి. గంటసేపు కుండపోత కొడితే వీటికి పెద్దగా ఏమీ కాదు. రెండు మూడు రోజులు ముసురు పట్టి నీళ్లు లోపలికి ఇంకితేనే కూలతాయి, అదీ ఎక్కువగా రాత్రి, అందరూ నిద్రలో ఉన్నప్పుడు. నా చిన్నప్పుడు అట్లనే ఒక రాత్రి గోడలోంచి మట్టి గరగర రాలుతుంటే మా అవ్వ అందరినీ లేపి బయటికి తోలింది. "ఏం కాదులే అవ్వా" అన్నాను నేను. తెల్లారేసరికి మంచం ఉన్న చోట రాళ్ల కుప్ప ఉంది. గోడ మధ్యలో ఉబ్బినా, పగులులో వేలు పట్టినా, తలుపు ఎన్నడూ లేనిది బిగుసుకున్నా ఆ ఇంట్లో ఆ రాత్రి పడుకోవద్దు. బడికో, రైతు వేదికకో, పక్కా ఇల్లున్న చుట్టాల దగ్గరికో పోవాలి. రేకుల ఇంట్లో ఉండేవాళ్లు తమ గోడతో పాటు పక్కింటి పాత గోడను కూడా చూసుకోవాలి, అది మీ రేకుల మీద పడుతుంది. వాన రాకముందే మిద్దె మీద గడ్డి పీకి, నీళ్లు పోయే గొట్టంలో చెత్త తీసి, పైన టార్పాలిన్ కప్పి అంచులకు రాళ్లు పెట్టండి. వాన వెలిసిందని వెంటనే లోపలికి దూరకండి. నానిన గోడ ఎండ వచ్చాక కూడా కూలుతుంది.

వాగుల దగ్గర మనకు ఒక ధీమా: "రోజూ దాటేదే కదా." దుందుభి వాగే చూడండి, ఎండాకాలం ఇసుక తప్ప ఏముండదు. పైన ఎక్కడో వాన పడితే, రఘుపతిపేట దగ్గర చినుకు లేకున్నా నీళ్లు వచ్చేస్తాయి. లోలెవల్ వంతెన మీద పారే నీళ్లు మోకాలు దాకా కూడా లేకపోవచ్చు, కానీ ఆ ఉరవడికి బైకు నిలవదు, అడుగున్నర లోతులో చిన్న కారు తేలుతుంది. పైగా బురద నీళ్ల కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో పైనుంచి కనపడదు. ఫోన్‌లోని మ్యాప్ దగ్గరి దారి చూపిస్తుంది గానీ, ఆ దారిలో వంతెన ఎంత ఎత్తులో ఉందో చెప్పదు. రాత్రి పూట కొత్త దారి పట్టకండి, పెద్ద రోడ్డు మీదనే ఆగండి. కారు నీళ్లలో ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేస్తూ కూర్చోవద్దు. నీళ్లు డోరు సగం ఎక్కితే తలుపు తెరుచుకోదు, అంతకుముందే దిగండి లేదా అద్దాలు దించుకోండి. వాగు అవతల తండాల్లో, నల్లమలలో చెంచుల గూడేలైన పెంటల్లో నెలలు నిండిన ఆడబిడ్డ ఉంటే రెడ్ అలర్ట్ దాకా ఆగకుండా ముందే ఆస్పత్రి ఉన్న ఊరికి చేర్చాలి. 108కి ఫోన్ చేసినా అంబులెన్సు వాగు ఇవతలే ఆగుతుంది.

ఇక కరెంటు. బట్టలు ఆరేసే దండెం ఇనుప తీగదైతే ఈరోజే విప్పేసి నైలాన్ తాడు కట్టండి. సర్వీసు వైరు తొక్క లేచి రేకులకో తీగకో తగిలితే, తడి బట్ట వేయడానికి పోయిన మనిషి అక్కడే పడిపోతాడు, పట్టుకోవడానికి పోయిన రెండో మనిషీ పోతాడు. ఇట్లాంటి వార్త చదవని ఏడాది లేదు. పొలంలో స్టార్టర్ డబ్బా ముట్టద్దు, వానలో మోటారు కోసం పరుగెత్తద్దు, మునిగేది ఎట్లాగూ మునుగుతుంది. తీగ తెగిపడితే కరెంటు వాళ్ల నంబరు 1912కి చెప్పి, కరెంటు తీశామని వాళ్లు అనేదాకా ఎవరినీ అటు పోనీయకండి.

అక్టోబర్, నవంబర్ అంటే వరి కోతలు, పత్తి ఏరుడు. పగిలిన పత్తిని వాన ముందే ఏరి పొడి చోట పెట్టుకోండి, తడిసినదాన్ని దాంట్లో కలపకండి. తేమ 12 శాతం దాటితే పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐ కొనదు. వడ్లకు ఆ హద్దు 17 శాతం. రెండేళ్ల కింద నేను కల్లంలో వడ్లు పల్లంలో పోసి పైన రెండు పరదాలు కప్పి నిశ్చింతగా పడుకున్నాను. నీళ్లు పైనుంచి రాలేదు, కిందినుంచి వచ్చాయి. అందుకే కుప్ప మెరక మీద ఉండాలి, చుట్టూ కాలువ తీయాలి, కింద కూడా పరదా ఉండాలి. కోయని వరి పడిపోతే నీళ్లు తీసేసి, గింజ మొలకెత్తకుండా లీటరు నీళ్లకు 50 గ్రాముల కల్లుప్పు కలిపి కంకుల మీద కొట్టాలి. పత్తి చేలో నీళ్లు బయటికి పంపాక లీటరు నీళ్లకు 10 గ్రాముల 13-0-45 ఎరువు (పొటాషియం నైట్రేట్) కలిపి పిచికారీ చేస్తే చెట్టు తేరుకుంటుంది. గొర్లకాపర్లు మందను వాగు ఒడ్డున గానీ ఒంటి చెట్టు కింద గానీ ఆపద్దు. వాన తర్వాత మొలిచిన లేత గడ్డి తెగమేస్తే గొర్లు ఉన్నట్టుండి చచ్చిపోయే చిటుక రోగం వస్తుంది, టీకా ముందే వేయించాలి.

కార్తీక మాసం కూడా ఈ రోజుల్లోనే. సూర్యలంకకో మంగినపూడికో సముద్ర స్నానానికి పోయేవాళ్లు ముందు వాతావరణం చూసి బయలుదేరండి. అక్కడ అలర్ట్ ఉంటే ప్రయాణం వాయిదా వేయండి, మొక్కు వచ్చే వారం తీర్చుకోవచ్చు. ఇప్పటికే అక్కడ చిక్కుకుంటే ఒడ్డుకు దూరంగా, ఎత్తున్న పక్కా ఇంట్లో ఉండాలి. తీరంలో గాలికంటే ఎక్కువ మందిని చంపేది ఉప్పెన. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచేసింది అదే. ఇంకో మాట: తుపాను కన్ను, అంటే దాని నడిమి భాగం, మన మీదుగా పోతున్నప్పుడు గాలి ఉన్నట్టుండి ఆగిపోతుంది, ఆకాశం కూడా తేటపడొచ్చు. అయిపోయిందని బయటికి వచ్చారో, కాసేపట్లో అదే గాలి ఎదురు దిక్కు నుంచి కొడుతుంది.

చెరువు ఉన్న ఊళ్లలో ఇద్దరు మనుషులు వంతులవారీగా కట్ట వెనక నడిచి చూడాలి. కట్ట కింద తేట నీళ్లు ఊరితే కనిపెట్టి ఉండండి. అవే నీళ్లు మట్టి రంగులో వస్తే కట్ట లోపల కోస్తోందని అర్థం, కింది వాడల్లో వాళ్లను అప్పుడే లేపాలి.