కొండదారి సైకిల్ రైడ్‌కు ముందు: ఫస్ట్ ఎయిడ్ సంచిలో ఏముండాలి, ఎందుకుండాలి

రెడీమేడ్‌గా అమ్మే ఫస్ట్ ఎయిడ్ డబ్బా ఏదైనా తెరిచి చూడండి. సగానికి సగం చిన్న చిన్న ప్లాస్టర్లే ఉంటాయి. కూరగాయలు కోస్తూ వేలు తెగితే అవి బాగానే పనికొస్తాయి. రాళ్ల దారిలో సైకిల్ మీంచి జారిపడ్డ మనిషి మోచేతికి మాత్రం అవి ఆనవు. చెమట, దుమ్ము, రక్తం కలిసిన చర్మం మీద అసలు అతుక్కోవు. అందుకే మౌంటెన్ బైక్ రైడ్‌కు సంచి సర్దేటప్పుడు వస్తువుల జాబితా పట్టుకుని మొదలుపెట్టకండి. సైకిల్ మీంచి పడితే ఒంటికి ఏమవుతుందో ముందు ఆలోచించండి. చేతిలోకి తీసుకున్న ప్రతి వస్తువునూ 'నువ్వు ఏ దెబ్బకి?' అని అడగండి. జవాబు లేనిదాన్ని ఇంట్లోనే ఉంచేయండి.

పడ్డప్పుడు ముందుగా నేలకు తగిలేవి అరచేతులు, మోచేతులు, మోకాళ్లు, తుంటి, భుజం. చాలాసార్లు చర్మం దోక్కుపోవడంతోనే సరిపోతుంది. చెయ్యి చాచి పడితే మణికట్టు, భుజం మీద పడితే కాలర్ బోన్ విరుగుతుంటాయి. నేల చేసే గాయాలు ఇవైతే, సైకిలే చేసే గాయాలు కొన్ని ఉన్నాయి. ఫ్లాట్ పెడళ్ల మీద బూటు జారకుండా చిన్న స్టీలు పిన్నులుంటాయి. కాలు తప్పిందంటే అవి మోకాలి కింద ముందుభాగాన్ని వరసగా గీరేస్తాయి. చెయిన్‌రింగు (పెడళ్ల దగ్గర చెయిన్ తిరిగే చక్రం) పళ్లు పిక్కను కోస్తాయి, ఆ కోతలోకి నల్లటి గ్రీజు కూడా దూరుతుంది. పొడుగాటి దిగుడు దిగిన వెంటనే డిస్క్ బ్రేక్ రోటర్‌ను (చక్రం మధ్యలో ఉండే బ్రేకు పళ్లేన్ని) ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. చక్రం తిరుగుతుండగా రోటర్ దగ్గరకు వేలు అసలే పోనివ్వకూడదు.

వీటన్నిటిలోనూ మొదట చూసుకోవాల్సింది రక్తం. సంచిలో ఎక్కువ చోటు దీనికే ఇవ్వండి. గాయానికి అంటుకుపోని పెద్ద డ్రెస్సింగ్ ప్యాడ్లు (అరచేయంత సైజువి), గాజుగుడ్డ చుట్టలు రెండు, తనకు తానే అతుక్కునే బ్యాండేజ్ చుట్ట ఒకటి లేదా క్రేప్ బ్యాండేజ్, చెమటకు ఊడిపోని గుడ్డ టేపు. వేరేవాళ్ల రక్తం ముట్టుకోవాల్సి వస్తుంది కాబట్టి నైట్రైల్ గ్లవ్స్ రెండు జతలు. దూది వద్దు. దాని పోగులు పచ్చి గాయానికి పట్టుకుని, తర్వాత కడిగేటప్పుడు నరకం చూపిస్తాయి.

రక్తం కారుతున్నచోట ప్యాడ్ పెట్టి గట్టిగా నొక్కి పట్టుకోండి. గడియారం చూసి 10 నిమిషాలు. ఆగిందేమోనని మధ్యలో ఎత్తి చూడాలనిపిస్తుంది, చూడకండి. ఎత్తితే అప్పుడే గడ్డకడుతున్న రక్తం ప్యాడ్‌తో పాటు ఊడొచ్చి పని మళ్లీ మొదటికొస్తుంది. ప్యాడ్ తడిసి రక్తం పైకి ఊరితే దాన్ని తీయకుండా పైన ఇంకొకటి వేసి ఇంకా గట్టిగా, సరిగ్గా గాయం మీదే నొక్కండి. చెయ్యో కాలో తెగి రక్తం చిమ్ముతూ, ఎంత నొక్కినా ఆగకపోతే అప్పుడు టోర్నికే, అంటే రక్తం ఆగేలా చెయ్యి లేదా కాలి చుట్టూ బిగించే వెడల్పాటి పట్టీ. గాయానికి 5 నుంచి 7 సెంటీమీటర్లు పైన, కీలు మీద కాకుండా బిగించాలి. బిగించిన టైము రాసిపెట్టాలి. ఆసుపత్రికి చేరేదాకా మధ్యలో వదులు చేయకూడదు. సన్నటి తాడు దానికి బదులు కాదు, అది కండను కోస్తుందే తప్ప లోపలి రక్తనాళాన్ని మూయదు. ఊరికి దూరంగా తొక్కేవాళ్లు అసలైన టోర్నికే ఒకటి కొని, వాడటం ఒకసారి నేర్చుకుని పెట్టుకుంటే మంచిది.

రక్తం ఆగిన చిన్న గాయాలను కడగాలి. దోక్కుపోయిన గాయాల విషయంలో చాలామంది తప్పించుకునే పని ఇదే. మంట పుడుతుందని పైపైన నీళ్లు చల్లి కట్టు కట్టేస్తారు. లోపల మిగిలిన ఇసుక, మట్టి చీము పట్టిస్తాయి, లేదా చర్మం కింద నల్లటి మచ్చగా ఎప్పటికీ ఉండిపోతాయి. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వద్దు, అవి గాయంలోని మంచి కణాలను కూడా దెబ్బతీస్తాయి. తాగే నీళ్లు చాలు, కాకపోతే ధారగా, కాస్త వేగంగా పడాలి. సంచిలో 20 మిల్లీలీటర్ల సిరంజి ఉంటే పని సులువు. లేకపోతే ఒక జిప్ కవర్‌లో నీళ్లు నింపి, మూల దగ్గర పిన్నీసుతో చిన్న బెజ్జం పొడిచి పిండండి. సన్నటి ధార వస్తుంది, దానికి ఇసుక రేణువులు కదిలి బయటికొస్తాయి. మొండిగా పట్టుకున్నవాటిని తడి గాజుగుడ్డతో తుడవాలి, పైకి కనిపించే రాయి ముక్కను, ముల్లును పట్టకారుతో తీయాలి. లోతుగా దిగిన పుల్లను మాత్రం లాగకండి. అది కదలకుండా చుట్టూ ప్యాడ్లు పెట్టి కట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. బాటిల్లో గ్లూకోజు కలిపిన నీళ్లుంటే కడగడానికి వాడొద్దు. ఒక బాటిల్‌లో ఎప్పుడూ మామూలు నీళ్లే ఉంచుకోమనడానికి ఇదో కారణం.

లోతైన మురికి కోతను దారిలోనే టేపుతో గట్టిగా మూసేయకండి. కడిగి, కప్పి, అదే రోజు చూపించండి. కుట్లు వెయ్యాలో వద్దో డాక్టరు చెబుతారు. టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో రైడ్ సీజన్ మొదలయ్యే ముందే చూసుకోండి. మామూలుగా 10 ఏళ్లకోసారి బూస్టర్ అంటారు. గాయం మట్టిదో లోతైనదో అయితే, వేయించుకుని 5 ఏళ్లు దాటినా మళ్లీ వెయ్యొచ్చు.

ఎముక విరిగిందో బెణికిందో కొండమీద తేల్చలేరు, తేల్చాల్సిన అవసరమూ లేదు. విరిగిందనే అనుకుని కదలకుండా కట్టండి. దీనికి త్రికోణపు గుడ్డ ఒకటి, నాలుగైదు పిన్నీసులు. గుడ్డ లేకపోయినా పిన్నీసులతో పని జరుగుతుంది. దెబ్బ తగిలిన ముంజేతిని పొట్టకు అడ్డంగా ఆనించి, జెర్సీ కింది అంచును ముంజేతి మీదుగా పైకి మడిచి, ఛాతీ దగ్గర జెర్సీకే రెండు పిన్నీసులతో గుచ్చండి. చెయ్యి ఉయ్యాలలో పడుకున్నట్టు ఉంటుంది, నొప్పి సగం తగ్గుతుంది. నురుగు పొరల మధ్య పల్చటి అల్యూమినియం రేకు ఉండే స్ప్లింట్ (విరిగినచోటు కదలకుండా ఆసరాగా కట్టేది) దొరుకుతుంది. చుట్ట చుడితే చిన్నదైపోతుంది, పొడుగునా మధ్యలో వంచితే బిగుసుకుని నిలుస్తుంది. దూరపు రైడ్లకు దాని బరువు మోయొచ్చు. దగ్గరి రైడ్‌కైతే గాలి పంపు, స్పేర్ ట్యూబ్ కలిపి అదే పని చేస్తాయి.

కట్టు కట్టే ముందు ఉంగరం, వాచీ, సైకిల్ గ్లవ్ తీసేయాలి. అరగంట పోతే వాపు వాటిని రానివ్వదు. కట్టాక గోరు నొక్కి వదలండి. తెల్లబడ్డ గోరు 2 సెకన్లలోపు మళ్లీ ఎర్రబడాలి. ఆలస్యమైనా, వేళ్లు తిమ్మిరెక్కినా కట్టు వదులు చేయాలి. ఎముక చర్మం చీల్చుకుని బయటికి కనబడుతుంటే లోపలికి నెట్టకండి, శుభ్రమైన ప్యాడ్ కప్పి వదిలేయండి. మెడ మధ్యలో నొప్పి అన్నా, చేతులూ కాళ్లూ మొద్దుబారాయన్నా మనిషిని లేపి కూర్చోబెట్టకండి. హెల్మెట్‌నూ లాగకండి. ఊపిరి ఆడకపోతే తప్ప కదపడం మన పని కాదు.

తలకు తగిలిన దెబ్బకు సంచిలో మందు లేదు. దానికి కావలసింది ఒక చిన్న కాగితం. పడ్డ మనిషి లేచి దుమ్ము దులుపుకుని 'నాకేం కాలేదు, పదండి' అంటాడు. ఆ మాట నమ్మకూడదు. ఇప్పుడెక్కడున్నాం, ఎక్కడ్నుంచి బయల్దేరాం, ఎలా పడ్డావు అని అడగండి. అడిగిందే మళ్లీ అడుగుతున్నా, తికమకపడుతున్నా, తల తిరుగుతోందన్నా, వెలుతురు గుచ్చుకుంటోందన్నా, కాసేపు స్పృహ తప్పినా ఆ రోజుకు సైకిల్ ఎక్కడం అయిపోయింది. ఆ ప్రశ్నలూ, ఈ లక్షణాలూ కాగితం మీద రాసి సంచిలో పెట్టుకోండి, కంగారులో గుర్తుండవు. వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, మగత, ఫిట్స్, ఒక కంటిపాప పెద్దదిగా ఇంకోటి చిన్నదిగా కనబడటం, ముక్కులోంచో చెవిలోంచో నీరు కారడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రి. లక్షణాలు గంటల తర్వాత కూడా బయటపడొచ్చు, కాబట్టి మొదటి ఒకటి రెండు రోజులు ఒంటరిగా వదలకూడదు. నొప్పికి ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ ఇవ్వొద్దు, రక్తస్రావం పెరిగే ప్రమాదం ఉంది. దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మార్చేయాల్సిందే. లోపలి నురుగు ఒకసారి నలిగితే రెండోసారి కాపాడదు.

ఇంకో దెబ్బ ఉంది, దానికీ సంచిలో ఏమీ దొరకదు. పడేటప్పుడు హ్యాండిల్‌బార్ తిరిగి దాని కొస పొట్టలో పొడుస్తుంది. పైన చిన్న గుండ్రటి మచ్చే ఉంటుంది. లోపల ప్లీహమో కాలేయమో చిట్లి ఉండొచ్చు. పొట్ట నొప్పి పెరుగుతున్నా, గట్టిపడుతున్నా, మనిషి పాలిపోతున్నా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. పిల్లల విషయంలో దీన్ని మరీ తేలిగ్గా తీసుకోకండి. బయల్దేరే ముందు హ్యాండిల్‌బార్ రెండు కొసలకూ మూతలున్నాయో లేదో చూడండి. మూత ఊడిన గొట్టం చర్మాన్ని గుండ్రంగా కోసేస్తుంది.

మాత్రలు తక్కువే పెట్టుకోండి. నొప్పికి పారాసెటమాల్, అలర్జీకి సెటిరిజిన్, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు (ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి, చిక్కగా కలిపితే మేలు కాదు), ఎవరి మందులు వాళ్లవి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఇన్హేలర్‌ను, షుగర్ ఉన్నవాళ్లు తీపి ఏదైనా వెంట ఉంచుకోవాలి. హెల్మెట్ రంధ్రాల్లోంచి తేనెటీగ దూరి కుట్టడం అరుదేమీ కాదు. ముల్లును గోకి తీయాలా, పీకి తీయాలా అనే చర్చ పెట్టుకోకుండా వెంటనే తీసేయండి. పెదాలు, నాలుక ఉబ్బి ఊపిరి కష్టమైతే సెటిరిజిన్‌తో కాలయాపన చేయకండి. ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ (తీవ్రమైన అలర్జీకి వాడేది) దగ్గర ఉన్నవాళ్లు అది వేసుకోవాలి, ఎవరైనా సహాయానికి ఫోన్ చేయాలి. పాము కరిస్తే సంచి తెరవాల్సిన పనే లేదు. కోయొద్దు, పీల్చొద్దు, తాడు బిగించొద్దు. కరిచిన చెయ్యినో కాలినో కదలనివ్వకుండా ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా ఆసుపత్రికి చేర్చండి.

మడిస్తే జేబురుమాలంత అయ్యే వెండిరంగు ఎమర్జెన్సీ దుప్పటిని ఎండాకాలంలో కూడా తీసేయకండి. తొక్కుతూ చెమటలు కక్కిన మనిషి కదలకుండా నీడలో గంటసేపు పడుకుంటే, తడి జెర్సీకి గాలి తోడైతే, వణుకు మొదలవుతుంది. గాయపడ్డ ఒంటికి చలి ఇంకా చేటు, రక్తం గడ్డకట్టడమూ మందగిస్తుంది. ఒంటి కింద కూడా ఏదో ఒకటి పరవండి, నేల వేడిని లాగేస్తుంది.

సర్దడం ఇలా. అన్నీ ఒక గట్టి జిప్ కవర్‌లో, గ్లవ్స్, పెద్ద ప్యాడ్లు పైన. పనిముట్ల సంచిలో కలపొద్దు, చెయిన్ ఆయిల్ అంటిన గాజుగుడ్డ దేనికీ పనికిరాదు. వీపు సంచిలో అయితే పంపు, మల్టీటూల్ వంటి గట్టి వస్తువులు వెన్నెముకకు ఆనకుండా చూడండి. వెల్లకిలా పడితే అవే గాయం చేస్తాయి. ఫస్ట్ ఎయిడ్ కవర్ అడుగున ట్యూబుల కింద కాకుండా ఒంటిచేత్తో అందేచోట ఉండాలి. కాలర్ బోన్ విరిగినవాడికి మిగిలేది ఒక చెయ్యే. ఇంట్లో ఒకసారి ఎడమచేత్తో, పళ్లతో తెరిచి చూడండి. తెరుచుకోని ప్యాకెట్లు ఎన్నో అప్పుడు తెలుస్తుంది. ఎండకు, తేమకు టేపుల జిగురు పోతుంది, స్టెరైల్ ప్యాకెట్లు అంచుల దగ్గర విచ్చుకుంటాయి. సీజన్ మొదట్లో అన్నీ బయట పోసి తేదీలు చూడండి. గుంపుగా వెళ్తుంటే సంచి ఎవరి దగ్గర ఉందో అందరికీ తెలియాలి, ఆ మనిషి అందరికంటే ముందు దూసుకుపోయే రకం కాకూడదు.

ఒక ఈల పెట్టుకోండి. చాలా వీపు సంచులకు ఛాతీ పట్టీ బకిల్‌లోనే ఉంటుంది, చూసుకోండి. కొండల్లో ఆపద సంకేతం నిమిషానికి 6 ఊదులు, తర్వాత ఒక నిమిషం ఆపి మళ్లీ 6. వినిపించిందనే జవాబు నిమిషానికి 3. ఫోన్ లాక్ స్క్రీన్ మీద బ్లడ్ గ్రూప్, అలర్జీలు, ఇంటివాళ్ల నంబరు కనిపించేలా పెట్టండి. 112 చాలా దేశాల్లో పనిచేస్తుంది, వెళ్తున్నచోటి నంబరు మాత్రం ముందే కనుక్కోండి. కాల్ కలవని చోట మెసేజ్ ఒక్కోసారి వెళ్తుంది. కాల్ కలిస్తే, ఏమైందో చెప్పేముందు ఎక్కడున్నారో చెప్పండి, అక్షాంశ రేఖాంశాలతో సహా. మధ్యలో సిగ్నల్ పోయినా వాళ్లు బయల్దేరగలుగుతారు.