తొలినాటి బ్రిటిష్ మోటారు వ్యాపారి జీవితాన్ని తవ్వి తీయడం ఎలా?

ముందుగా రేసు కప్పులను పక్కన పెట్టండి. బ్రిటన్‌లో కార్ల వ్యాపారానికి తెరతీసిన తరం గురించి రాసేవారిలో చాలామంది పందేల దగ్గరే ఆగిపోతారు. నేను చూసేది ఒక్కటే: డబ్బు ఎవరు పెట్టారు, ఎవరి చేతికి చేరింది? తొలినాటి రేసు డ్రైవరు, కార్ల వ్యాపారి ఎస్.ఎఫ్. ఎడ్జ్‌నే తీసుకోండి. 1902లో గోర్డన్ బెన్నెట్ కప్పు అనే అంతర్జాతీయ కార్ల పందెం గెలిచాడని అందరూ రాస్తారు. నేపియర్ అనే బ్రిటిష్ సంస్థ తయారుచేసే కార్ల అమ్మకాలను ఆయన గుప్పిట్లో పెట్టుకున్న తీరు అంతకంటే రుచికరమైన కథ.

వెతుకులాట 1896కు ముందు నుంచి మొదలుపెట్టాలి. ఆ ఏడాది చట్టం మారి వేగ పరిమితి సడలేదాకా అక్కడ మోటారు వ్యాపారం పెద్దగా లేదు. మీ మనిషి చాలావరకు సైకిళ్ల దగ్గరే దొరుకుతాడు. ఎడ్జ్ కూడా సైకిల్ పందేల నుంచి, డన్‌లప్ టైర్ల కొలువు నుంచి వచ్చినవాడే. తర్వాతి కాలానికి 1895లో మొదలైన 'ది ఆటోకార్' పత్రిక ఉంది. వ్యాసాలకంటే ప్రకటనలే ముఖ్యం. అయితే బైండింగ్ చేసేటప్పుడు ప్రకటనల పేజీలు చించేసిన గ్రంథాలయాలు తక్కువేమీ కాదు. విడి సంచికలు అడగండి.

అసలు సరుకు లండన్‌లో క్యూ ప్రాంతంలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటుంది. అక్కడ బీటీ 31 అనే శ్రేణిలో మూతపడిన కంపెనీల దస్త్రాలుంటాయి. అన్నీ మిగల్లేదు, దొరికితే అదృష్టమే. దస్త్రం తెరవగానే వాటాదారుల పట్టిక వెతకండి: పేరు, చిరునామా, వృత్తి, వాటాల సంఖ్య. వృత్తి గడిలో 'జెంటిల్‌మన్' అని ఉంటే పొంగిపోకండి, ఆ మాట వెనుక ఎవరైనా ఉండవచ్చు. చిరునామా వదలకండి. ఒకే చిరునామా రెండు కంపెనీల పట్టికల్లో కనిపిస్తే, ఆ రెంటి మధ్య లంకె ఏమిటో తేల్చేదాకా ముందుకు కదలవద్దు.

వాటాలు కొనమని జనాన్ని పిలుస్తూ కంపెనీ వేసే ప్రాస్పెక్టస్‌ను మాత్రం నమ్మకండి. 1896లో బ్రిటన్‌లో డైమ్లర్ కార్ల కంపెనీని స్థాపించిన హ్యారీ లాసన్ ప్రాస్పెక్టస్‌లతో మదుపరులను ఊరించడంలో ఆరితేరినవాడు. 1904లో మోసం కేసులో జైలుకెళ్లాడు. కంపెనీల మూసివేతలు, దివాలాలు, భాగస్వామ్యాల రద్దు ప్రభుత్వ ప్రకటనల పత్రిక 'లండన్ గెజెట్'లో చూసుకోండి.

ఇక ఖాళీ ఏళ్లు. ఎడ్జ్ 1912లో తన వ్యాపారాన్ని నేపియర్‌కు 1,20,000 పౌండ్లకు అమ్మి, ఏడేళ్లపాటు మోటారు వ్యాపారం జోలికి రానని ఒప్పుకున్నాడు. మోటారు పత్రికల్లో మాత్రమే వెతికేవారికి అక్కడ మనిషి మాయమైనట్టే ఉంటుంది. ఆయనేమో ససెక్స్‌లో పందులు పెంచుతున్నాడు! ఆ ఏళ్లకు వ్యవసాయ పత్రికలు తిరగేయండి. 1920లలో ఏసీ కార్ల కంపెనీతో మళ్లీ మోటారు పేజీల్లోకి వస్తాడు.