ఇద్దరు రాసినా తాత గొంతు ఒకటే ఉండాలి

తిరుపతిలో ఇద్దరం కలిసి రాసిన నాటికలో అతుకు బయటపడింది. మొదటి రంగంలో "యాడికి పోతా ఉండావు రా" అన్న తాత, మూడో రంగంలో "ఎక్కడికి వెళ్తున్నావు?" అంటున్నాడు. రంగాలు పంచుకుని రాయడమే కారణం.

అందుకే కథ, రంగాల వరుస కలిసి ఖాయం చేసుకుని, రంగాలకు బదులు పాత్రల్ని పంచుకున్నాం. తాత ఏ రంగంలో నోరు విప్పినా కలం ఒకరిదే. ఒక్కో పాత్రకు ఒక పేజీ పెట్టాం: అలవాటు మాటలు, ఎవర్ని ఏమని పిలుస్తాడు, చచ్చినా అనని మాటలు. ఈ పేజీయే ప్రాణం.

రాతప్రతి ఒక్కటే చేతులు మారాలి, పైన తేదీతో. రెండు ప్రతులుంటే దిద్దుబాట్లు కలవవు. కొట్టేసిన మాట కనిపించేలా ఒక గీతే గీయాలి.

చివరికి పాత్రలు మార్చుకుని గట్టిగా చదివి ఫోన్లో రికార్డు చేశాం. నాలుక తడబడిన ప్రతిచోటా వాక్యాన్ని రెండుగా విరిచాం.